వెనక్కి పంపిన పంది

పంది గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటలేదు. వెనక్కి వెళ్ళిపోయింది.

నిండుపంది. బొగ్గుల మీద తెల్లవారుజాము నుంచి తిప్పి తిప్పి కాల్చినది. చర్మం ఎర్రగా, గాజులా మెరుస్తూ, అరటాకుల మీద పడుకుని సైడ్‌కారు బండిలో వచ్చింది. సాంతా ఎలీసాలో పిల్లకి ఏడో పుట్టినరోజంటే వీధి మొత్తానికి భోజనం. అందులోనూ ఈ పందిని పంపింది చిన్న మనిషి కాదు. పిల్ల జ్ఞానతల్లి, నగర మండలిలో రవాణా వ్యవహారాలు చూసే కౌన్సిలర్ బెనిల్డా క్వింటోస్.

అలాంటి పందిని పిల్ల తల్లి లువాల్హాతీ ముట్టుకోలేదు. ఇచ్చినవాళ్ళకే ఇచ్చెయ్యమని బండివాడికి చెప్పి తలుపు వేసేసింది.

తలుపు చప్పుడు ఆగకముందే అత్తగారు, వీధంతా 'నానాయ్', అంటే అమ్మ, అని పిలిచే సెపా, గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఎవరి పందిని పంపించేశావో తెలుస్తోందా నీకు?"

"తెలిసే పంపించాను నానాయ్."

"మధ్యాహ్నం జనం వస్తారు. వాళ్ళకేం పెడతావు? నీ పౌరుషం ముక్కలు కోసి పెడతావా?"

"పాన్సిత్ ఉంది. కోడికూర ఉంది. ఆవిరి మీద బియ్యప్పిండి పుతో ఉడుకుతున్నాయి."

"పాన్సిత్ అందరిళ్ళలోనూ ఉంటుంది. పంది తిరిగిపోయిన ఇల్లు ఈ వీధిలో మనదొక్కటే."

లువాల్హాతీ పీట ముందు కూర్చుని పాన్సిత్ నూడుల్స్‌లోకి క్యాబేజీ తరగడం మొదలుపెట్టింది. క్యాబేజీ మీద కత్తి పడే తీరు చూస్తే తరుగుతున్నది క్యాబేజీ కాదని ఎవరికైనా తెలుస్తుంది.

నానాయ్ సెపా ఊరుకునే మనిషి కాదు. జ్ఞానతల్లి అంటే ఏమిటో కోడలికి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. చర్చిలో జ్ఞానస్నానానికి పిల్లని ఎత్తుకుని, నెత్తిన నీళ్ళు పోయించిన రోజు నుంచి ఆవిడా నువ్వూ ఒకరికొకరు 'మారే' అయ్యారు, అది వియ్యపురాలి కన్నా దగ్గర చుట్టరికం, చచ్చేదాకా తెగదు అంది. పంది తిరిగిపోతే తెగేది పందితో కాదు అంది. చివరికి కొడుకుని పిలిచింది.

కొడుకు అమాడో పెరట్లో ఉన్నాడు. వెల్డింగు పనివాడు. కూతురి పుట్టినరోజు నాడు ఒక బెలూనైనా ఊదకుండా, పొద్దున్నుంచీ పంపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గ్యాస్ కట్టర్ మూతిని సన్న తీగతో పొడిచి శుభ్రం చేస్తున్నాడు. తల్లి పిలిస్తే తలెత్తాడు, మళ్ళీ దించుకున్నాడు.

"చూడు, వీడికి నోరు ఉందో లేదో నేను కన్నప్పుడే చూసుకోవాల్సింది" అని నానాయ్ మళ్ళీ కోడలి మీదకి తిరిగింది. "అసలు నీకు ఆవిడతో తగువేమిటి? నాకు అర్థమయ్యేలా చెప్పు."

లువాల్హాతీ కత్తి పక్కన పెట్టింది.

"రేపు మండలిలో వంతెన గురించి బహిరంగ విచారణ నానాయ్. ఇవాళ ఆ పంది తింటే రేపు నాకు నోరు పెగలదు."

వంతెన ఈ ఊరికి ఒక్కటే. ఏటికి ఇటు ఇళ్ళు, అటు చెప్పుల కార్ఖానాలు. చీకటి విడకముందే కాపలావాళ్ళు, మేస్త్రీలు, కార్ఖానా ఆడవాళ్ళు సైకిళ్ళమీద బారులు తీరి దాటుతారు. ఒకప్పుడు లారీలు వీళ్ళని రెయిలింగుకి నొక్కేసేవి. పడ్యాక్ అని సైకిళ్ళవాళ్ళ సంఘం ఒకటి పుట్టి, అరిచి, అర్జీలు పెట్టి, ఎండలో నిలబడి వంతెన మీద సైకిలు దారి వేయించింది. దారికీ లారీలకీ మధ్య ఇనుప గుంజలు పాతించింది. ఆ సంఘానికి పెద్ద లువాల్హాతీ. ఇంట్లో కూర్చుని చెప్పులకి పైతోలు కుట్టే మనిషి.

ఇప్పుడు అవతలి ఒడ్డున పెద్ద మాల్ లేస్తోంది. కార్లు ఆగిపోతున్నాయట. ఆ సైకిలు దారి తీసేసి కార్లకి ఇంకో వరుస ఇస్తారట. ఈ ఊళ్ళో కారున్నవాళ్ళు తక్కువ, వాళ్ళకి రోడ్డు ఎప్పుడూ చాలదు.

పోయిన వారం బెనిల్డా ఈ ఇంటికొచ్చి అడిగింది ఒక్కటే. విచారణలో లేచి, సైకిళ్ళవాళ్ళకి అభ్యంతరం లేదని పడ్యాక్ తరఫున ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే ఏమవుతుందో ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. పడ్యాక్ నడిచేది నగరం ఇచ్చే గ్రాంటు మీద.

*

మధ్యాహ్నానికి పంది కబురు మాంగ్ తిబో తెచ్చాడు.

మాంగ్ తిబో వార్డు ఆఫీసులో కావలివాడు, పడ్యాక్‌లో పాతకాపు. సైకిలు గోడకి ఆనించి, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. బండివాడికి పందిని కౌన్సిలర్ ఇంటికి తిరిగి పట్టుకెళ్ళే ధైర్యం చాలలేదట. వార్డు ఆఫీసు బల్లమీద దించి పారిపోయాడట.

"పంది క్షేమమేనా?" అని అడిగింది నానాయ్.

"ఒక చెవి పోయింది నానాయ్. మా కావలివాళ్ళే కాపలా ఉన్నారు. రెండో చెవి మీద నాకు నమ్మకం లేదు."

నానాయ్ గుండెలమీద సిలువ గుర్తు వేసుకుంది. లువాల్హాతీ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆ ఇంట్లో ఆ రోజు మొదటి నవ్వు అదే.

మాంగ్ తిబో వచ్చింది పంది గురించి కాదు. సంఘంలో వాళ్ళేమంటున్నారో చెప్పడానికొచ్చాడు. సగంమంది సర్దుకుపోదాం అంటున్నారు. గ్రాంటు పోతే ఆడవాళ్ళకి సైకిలు నేర్పే బడి మూతపడుతుంది, రాత్రి పనివాళ్ళ సైకిళ్ళకి దీపాలుండవు, వంతెన దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్ళకి కూలి ఉండదు. వంతెన మీద దారి పోయినా మిగతావన్నా దక్కుతాయి కదా అంటున్నారు.

"నువ్వేమంటావు?" అని అడిగింది లువాల్హాతీ.

మాంగ్ తిబో తల గోక్కున్నాడు. "నేను ఆ వంతెన మీదే వెళ్తాను ఆతే. నన్నడిగితే ఏం చెబుతాను?"

వయసులో తనకన్నా పెద్దవాడు. అయినా ఆమెని 'ఆతే' అనే పిలుస్తాడు, అక్క అని. సంఘంలో అందరికీ అదే అలవాటు.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. దారి లేని ఊళ్ళో సైకిలు నేర్పడమంటే జనాన్ని లారీ కిందకి పంపడమే అంది. దారే లేకపోతే దీపం పెట్టేది గుద్దే లారీవాడికి మనం ఎక్కడున్నామో చూపించడానికా అంది. గ్రాంటు నిలుపుకోవడానికి దారిని అమ్మేస్తే ఇక గ్రాంటు దేనికని అడిగింది.

పెరట్లో అమాడో చేతిలో తీగ ఆగింది. మాంగ్ తిబో అటు ఒకసారి చూసి, ఏదో అనబోయి, నీళ్ళు తాగి ఊరుకున్నాడు.

*

జనం వచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడమీద కూర్చున్నారు. పిల్లలు బెలూన్ల కింద తన్నుకున్నారు. పాన్సిత్ గిన్నె సగమైంది. పంది గురించి ఒక్కరూ అడగలేదు. అందరికీ తెలుసు కాబట్టి.

అప్పుడు వీధిలో తెల్ల వ్యాను ఆగింది.

ముందు పంది దిగింది, ఇద్దరు మనుషుల భుజాలమీద. దానికి ఒక చెవి లేదు. వెనక బెనిల్డా దిగింది. ఆవిడకి ఏ లోటూ లేదు. పూలచొక్కా, చేతిలో రిబ్బను కట్టిన పెట్టె, మొహం నిండా నవ్వు.

"మా పిల్లేది?"

పుట్టినరోజు పిల్ల తాలా పరుగున వెళ్ళి ఆవిడ చెయ్యి తీసుకుని, పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టే తీరున నుదుటికి ఆనించుకుంది. బెనిల్డా పిల్లని ఎత్తుకుని తిప్పింది. మూతికి అంటిన క్రీము తన రుమాలుతో తుడిచింది. అందులో నటన లేదు. ఈ పిల్లకి జ్వరమొచ్చినప్పుడు ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్న మనిషి ఆవిడ. శత్రువైనా బావుండేది.

పందిని బల్లమధ్య పెట్టారు. పక్కన పెద్ద కత్తి పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. నానాయ్ సెపా అతిథికి మంచి కుర్చీ వేసింది, పళ్ళెం నింపింది, కోడలి వంక ఒక చూపు చూసింది. ఆ చూపులో సగం బెదిరింపు, సగం వేడికోలు.

లువాల్హాతీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

కాసేపు వాన గురించి, స్కూలు ఫీజు గురించి నడిచింది. తరువాత బెనిల్డా పళ్ళెం పక్కన పెట్టి, ఇంటి సంగతి మాట్లాడుతున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

"మారే, సైకిలు దారి అంటే మండలిలో అందరూ నవ్విన రోజులు గుర్తున్నాయా? లేచి నిలబడింది ఎవరు?"

"మీరే."

"గ్రాంటు ఇచ్చింది?"

"ఇప్పించింది మీరు. ఇచ్చింది ఊరు."

"ఊరంటే ఎవరు?"

"చేపల బజారులో గంపకి పన్ను కట్టే ఆడది. కార్ఖానాలో జీతంలో కోత పడే కుర్రాడు. కారు లేనివాళ్ళ డబ్బు కూడా అందులో ఉంది మారే."

గోడమీద కూర్చున్నవాళ్ళు నమలడం ఆపారు.

బెనిల్డా నవ్వింది. "కారున్నవాళ్ళు నన్ను రోజూ ఏమంటున్నారో తెలుసా? మా పన్నులతో సైకిళ్ళవాళ్ళని మేపుతున్నావు, వాళ్ళొచ్చి మామీదే అరుస్తున్నారు అంటున్నారు. అన్నీ పడ్డాను. ఎందుకు పడ్డాననుకున్నావు? ఏదో ఒక రోజు, సైకిళ్ళవాళ్ళని అడిగారా అని ఎవడో లేస్తాడు. అడిగాం, ఒప్పుకున్నారు అని చెప్పడానికి ఒక సంఘం ఉండాలి కదా."

ఆ మాట ఎంత మామూలుగా అంది అంటే, అన్నాక మంచినీళ్ళడిగి తాగింది.

లువాల్హాతీ ఇన్నేళ్ళ ఎండ, అర్జీలు, ఆడవాళ్ళకి సైకిలు నేర్పిన ఆదివారాలు, అన్నీ కలిపి ఈవిడ దృష్టిలో ఒక్క తలూపు.

"నేను తల ఊపను."

"నీ కోపం నాకు తెలుసు. కానీ ఆలోచించు. ఆ గుంజలమీద ఎవరి బొమ్మ ఉంది?"

లువాల్హాతీ చూపు బల్లమీదికి దించుకుంది.

"ప్రతి గుంజకీ నా బొమ్మ అంటించింది ఎవరు మారే? నేనడిగానా?"

అడగలేదు. నిజం. ఇక్కడ వీధిదీపం వేసినా, మురుగుకాలవ మీద పలక మార్చినా, చావింట టెంటు వేసినా నాయకుడి మొహంతో ఫ్లెక్సీ లేస్తుంది. గుంజలు పాతిన వారం పడ్యాక్ వాళ్ళు కూడా సంబరంతో అదే చేశారు. 'ఈ దారి మన బెనిల్డా గారి కానుక' అని అచ్చు వేయించి, గుంజగుంజకీ తామే అంటించారు. లువాల్హాతీయే దగ్గరుండి అంటించింది. ఇప్పుడు బజారులో జనం అంటున్నది అదే మాట. ఆవిడ ఇచ్చింది, ఆవిడ తీసుకుంటోంది, మధ్యలో మీరెవరు?

"నేనే అంటించాను" అంది లువాల్హాతీ. "బుద్ధిలేని పని. రేపు విచారణలో ముందు ఆ మాటే చెబుతాను. అది మీ కానుక కాదని. మీరిచ్చింది కాదు కనుక తీసుకోవడానికి మీది కాదని." కొంచెం ఆగింది. "రేపు అందరి ముందూ చెబుతాను, కౌన్సిలర్ గారూ."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

మారే అనలేదు. పిల్లకి నెత్తిన నీళ్ళు పోసిన నాటి నుంచి మొదటిసారి, మారే అనలేదు.

బెనిల్డా మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. అంచుల నుంచి వదులుతూ వచ్చింది. లేచి చొక్కా సర్దుకుంది.

"విచారణ సాయంత్రం కదా. గుంజలు పొద్దున్నే పోతాయి. ముందు ట్రయల్ వేసి చూద్దాం అన్నారు పైవాళ్ళు."

"కోసిన ఇనుముకి ట్రయల్ ఏమిటి?"

"అది నన్నడుగుతావేం? మీ ఆయన్నే అడుగు. కోసేది ఆయనే. చెప్పలేదా?"

*

పెరటి గుమ్మంలో అమాడో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చేతిలో కట్టర్ మూతి, శుభ్రంగా తళతళలాడుతోంది.

ఆ గుంజలు అతికింది అతనే. ఆ రోజుల్లో లువాల్హాతీ అన్నం క్యారియరు పట్టుకుని వంతెన మీదికి వెళ్ళేది. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని నిప్పురవ్వల మధ్య కూర్చున్న భర్తని చూపించి, మా ఆయనే అని పక్కవాళ్ళకి చెప్పుకునేది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది.

"శుక్రవారం."

"శుక్రవారం నుంచి నా పక్కనే పడుకున్నావు."

అమాడో గొంతు సవరించుకున్నాడు. కాంట్రాక్టరు పిలిచాడట. వద్దంటే మిగతా పనులు కూడా ఉండవన్నాడట. "నేను కాకపోతే ఇంకొకణ్ణి పెడతాడు లువా. వాడు మొదలంటా పీకేస్తాడు. నేనైతే కింద పలక వదిలేసి కోస్తాను. మళ్ళీ ఎప్పుడైనా అతకొచ్చు."

"ఎప్పుడైనా అంటే?"

అమాడో చేతిలోని కట్టర్ మూతిని అటూ ఇటూ తిప్పాడు. అతను చెప్పింది నిజమో, మూడు రోజులుగా తనకి తాను చెప్పుకుంటున్న సర్దుబాటో, లువాల్హాతీకి తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

మాంగ్ తిబో తలొంచుకుని నేల చూస్తున్నాడు. అతనికి తెలుసు. ఇందాక నీళ్ళు తాగి మింగిన మాట అదే.

అంతలో నానాయ్ సెపా వంటింట్లోంచి వచ్చింది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. కోడలివైపు వెళ్ళలేదు. కొడుకువైపు వెళ్ళలేదు. సరాసరి బెనిల్డా ముందుకి వెళ్ళి నిలబడింది.

"అమ్మా కౌన్సిలరూ. ఈ పంది దేనికి పంపావు?"

"పిల్ల పుట్టినరోజుకి నానాయ్."

"పిల్ల కోసమేనా? రేపు పొద్దున నా కొడుకు చేత, వాడు అతికిందాన్ని వాడి చేతే కోయిస్తున్నావు. ఆ పని వాడికే పడిందని నీకు ముందే తెలుసు. తెలిసీ పంది పంపావు. పొద్దున్నుంచీ ఆ పంది కోసం నేను నా కోడల్ని తిట్టాను. నా నోటితోనే దాన్ని తిట్టించావు."

"నానాయ్, అదీ ఇదీ ఎందుకు కలుపుతారు?"

"నేను కలపలేదు. నువ్వే కలిపి వండి పంపావు."

గోడమీద ఎవరో నవ్వబోయి దగ్గారు.

బెనిల్డా లువాల్హాతీ వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించింది. గ్రాంటు మళ్ళీ మంజూరుకి వచ్చేది వచ్చే నెలే అని గుర్తుచేసింది. నేను ఆపక్కర్లేదు, అడగకుండా ఊరుకుంటే చాలు, అదే ఆగిపోతుంది అంది.

"వచ్చే నెల అడుగుతాం" అంది లువాల్హాతీ. "అందరిలాగే వరుసలో నిలబడి అడుగుతాం. రేపు మాత్రం మాట్లాడతాం."

బెనిల్డా తాలా తల నిమిరింది. పిల్లకి ఏమీ అర్థం కాక ఆవిడ చెయ్యి మళ్ళీ నుదుటికి ఆనించుకుంది. వ్యాను వెళ్ళిపోయింది. పంది బల్లమీదే మిగిలింది.

వ్యాను చప్పుడు దూరమయ్యాక లువాల్హాతీ లేచింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పడ్యాక్ వాళ్ళే. పొద్దున సర్దుకుపోదామన్నవాళ్ళూ అందులో ఉన్నారు. వాళ్ళవైపే తిరిగి చెప్పింది.

"చీకటుండగా వంతెన మీదికి వెళ్దాం. కోసేవాళ్ళని ఆపొద్దు. కొట్లాట పెట్టుకోవద్దు. ఒక్కో గుంజ కోసేకొద్దీ, దాని చోట ఒక్కో మనిషి నిలబడాలి. గుంజల్లాగే. చెయ్యీ చెయ్యీ పట్టుకుని. సైకిళ్ళు వెనక నుంచి వెళ్ళాలి. సాయంత్రం విచారణ దాకా."

"లారీలు?" అన్నాడొకడు.

"లారీలు ఉంటాయి. అందుకే నిలబడాలి."

ఎవరి కళ్ళు ఎవరినీ కలుసుకోలేదు. ఇది పాటకి గొంతు కలపడం కాదు, లారీ ముందు ఒళ్ళు పెట్టడం.

"మొదటి గుంజ నాది" అంది నానాయ్ సెపా. "నా మోకాళ్ళతో నిలబడలేను. కుర్చీ వెయ్యండి."

"మీరొద్దు నానాయ్."

"నువ్వు చెప్పకు. ఇంకోటి. ఈ పందిని కూడా అక్కడికే మోయించు. సాయంత్రం దాకా అంటే జనానికి ఆకలేస్తుంది."

లువాల్హాతీ ఆమె మొహంలోకి చూసింది. "అది ఆవిడ పంది."

"ఐతే? తింటే నోరు పెగలదని నీకెవరు చెప్పారు? నేను జీవితమంతా మీ మామగారి తిండి తిన్నాను. జీవితమంతా ఆయన్ని తిట్టాను. నోరు ఒక్క రోజు మూతపడలేదు. గ్రాంటైనా అంతే. తిను, మాట్లాడు."

ముందు నవ్వింది మాంగ్ తిబో. తరువాత గోడ, తరువాత కుర్చీలు. రెండో గుంజ నాది అన్నాడు మాంగ్ తిబో. మూడోది కార్ఖానా ఆడవాళ్ళది. పొద్దున గ్రాంటు కోసం భయపడ్డవాడు కూడా చెయ్యెత్తాడు, కాస్త ఆలస్యంగా. లువాల్హాతీ పేరు పేరునా పిలుస్తూ వంతెన ఈ చివర నుంచి ఆ చివరికి మనిషి వెనక మనిషిని నిలబెట్టుకుంటూ పోయింది.

అవతలి చివర, లారీలు మలుపు తిరిగేచోట, ఒక్క గుంజ మిగిలిపోయింది. అన్నిటికన్నా చెడ్డ చోటు అది. దానికి మనిషి లేడు.

అందరూ అమాడో వైపు చూశారు. లువాల్హాతీ మాత్రం చూడలేదు. బల్లమీది కత్తి తీసుకుని పంది మీద కప్పడానికి అరటాకులు కోస్తోంది.

అమాడో కట్టర్ మూతిని సంచిలో పెట్టాడు. సంచి భుజాన వేసుకున్నాడు. బల్ల పక్కనుంచి, తల్లి కుర్చీ పక్కనుంచి నడిచి వీధి గుమ్మం దాకా వెళ్ళాడు.

అక్కడ ఆగాడు. గుమ్మం దాటలేదు. వెనక్కీ తిరగలేదు.